ఇంజన్‌కో తాళం, ఒంటి మీద ఇంకో తాళం

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివా. సీడీఎల్ (ట్రక్కు తోలే లైసెన్స్) చేతికొచ్చి ఒంటరిగా లోడ్లు తోలటం మొదలెట్టి మూడు వారాలు, ఇక్కడ అమెరికాలో, నెబ్రాస్కాలో ఐ-80 హైవే మీద నార్త్ ప్లాట్ దాటాక రెస్ట్ ఏరియాలో తెల్లారుజామున ఇంజన్ నడుస్తూ ఉండగానే బాత్రూమ్‌కని దిగావు, తిరిగొచ్చి చూస్తే తలుపు లాక్ పడి ఉంది, తాళం ఇగ్నిషన్‌లో, ఫోన్ ఛార్జింగ్‌లో, ఒంటి మీద టీషర్టు, కాళ్ళకి హవాయి చెప్పులు. గంటా నలభై నిమిషాలు ఆ వెండింగ్ మెషిన్ల పక్కన వణుక్కుంటా నిలబడ్డావు. "ఈ మతిమరుపు ఎట్టా తగ్గించుకోవాలి అన్నా, ఇది కంపెనీకి చెప్పాలా వద్దా" అని అడిగావు. రెండోదానికి చివర్లో చెప్తా.

మొదటిదానికి నా జవాబు ఏంటంటే నీది మతిమరుపు కాదు. నేను ఈ పని మొదలెట్టి పదమూడో ఏడు నడుస్తోంది, ఇప్పటిదాకా నాకు మూడు సార్లు అయ్యింది, మూడు సార్లూ తాళం ఎక్కడుందో నాకు బ్రహ్మాండంగా గుర్తుంది, ఇగ్నిషన్‌లోనే ఉంది, అద్దంలోంచి కనపడతానే ఉంది. కారు సంగతి వేరు, కారు ఆపాక తాళం తీస్తే తప్ప దిగం. ట్రక్కులో అట్టా కాదు, చలికాలం హీటర్ కోసం, ఎండాకాలం ఏసీ కోసం, గాలి బ్రేకుల ప్రెషర్ పడిపోకుండా ఉండటం కోసం, ఊరికే రెండు నిమిషాల పనే కదా అని, రోజుకి పదిసార్లు ఇంజన్ నడుస్తుండగానే దిగుతాం. అంటే ఒకే తాళానికి రెండు పనులు అప్పజెప్పాం, లోపల ఇంజన్ నడపాలి, బయట నీకు తలుపు తియ్యాలి. ఒకే టైములో రెండు చోట్ల అది ఎట్టా ఉంటది చెప్పు. అందుకే ఎంత జాగ్రత్తగా ఉండే మనిషికైనా ఎప్పుడో ఒకరోజు పడుద్ది. దీనికి మందు జ్ఞాపకశక్తి కాదు, రెండో తాళం. ఇంజన్ తాళం ఇంజన్ దగ్గరే ఉండనీ, తలుపు తాళం నీ ఒంటి మీద ఉండాలి, నిద్రపోయేటప్పుడు కూడా.

మన ఊళ్ళో లారీ డ్రైవర్లకి ఈ బాధ ఎందుకు లేదో ఎప్పుడైనా ఆలోచించావా? మా బాబాయిది విజయవాడ ఆటోనగర్‌లో లారీ, నా చిన్నప్పుడు సెలవులకి ఎక్కి తిరిగేవాణ్ణి. ఆయన ఎక్కడ ఆపినా, ఢాబా దగ్గరైనా టోల్‌గేట్ దగ్గరైనా, బండిలో క్లీనర్ ఉండేవాడు. టైర్లు కొట్టి చూసేది వాడే, తాడు బిగించేది వాడే, రాత్రి క్యాబిన్‌లో పడుకుని కాపలా ఉండేదీ వాడే. ఇక్కడ ఆ క్లీనర్ పనంతా కూడా నువ్వే చేస్తున్నావు, అందుకే ఇన్నిసార్లు దిగాల్సి వస్తోంది. లోపల నుంచి తలుపు తీసేవాడు మాత్రం లేడు.

సరే ఇప్పుడు పనిలోకి వద్దాం. ముందు నీ తలుపు ఎట్టా పనిచేస్తదో నువ్వు తెలుసుకోవాలి, ఇది చెయ్యకుండా ఎన్ని తాళాలు పెట్టుకున్నా అర్ధజ్ఞానమే. డ్రైవర్ వైపు అద్దం మొత్తం కిందకి దించు, దించాకే చెయ్యి, మర్చిపోవద్దు. లోపల కూర్చుని లాక్ వెయ్యి, ఇప్పుడు లోపలి హ్యాండిల్ లాగి తలుపు తీసి దిగు, తలుపు మళ్ళీ వేసి బయట హ్యాండిల్ లాగి చూడు. కొన్ని ట్రక్కుల్లో లోపలి హ్యాండిల్ లాగగానే లాక్ కూడా పైకి లేచిపోద్ది, నువ్వు క్షేమం. కొన్నిట్లో తలుపు తెరుచుకుంటది కానీ లాక్ అట్టాగే ఉండిపోద్ది, నువ్వు దిగి తలుపు వేస్తే అంతే సంగతులు. రాత్రి పడుకునే ముందు నువ్వే లాక్ వేసుకున్నావు, పొద్దున్నే నిద్రకళ్ళతో హ్యాండిల్ లాగి దిగావు, లాక్ తియ్యలేదన్న సంగతి నీకు తెలియనే తెలియదు. నాకు మటుకు నీ కేసు అదే అనిపిస్తోంది. ఇదే పరీక్ష ప్యాసింజర్ వైపు కూడా చెయ్యి. రిమోట్ ఉన్న బండి అయితే ఇంకోటి కూడా చూడు, రిమోట్‌తో తెరిచాక తలుపు తియ్యకపోతే కాసేపటికి దానంతట అదే మళ్ళీ లాక్ అయ్యేవి ఉన్నాయి. పాత బండ్లలో లాక్ బొడిపె అరిగిపోయి వదులుగా ఉంటది, తలుపు గట్టిగా కొడితే అదిరి కిందకి పడిపోద్ది, అట్టాంటిది ఉంటే కంపెనీ రిపేరు షాపులో రాయించు, బాగు చేసేది ఎక్కువ ఖర్చేం కాదు.

ఇక రెండో తాళం. నువ్వు తోలేది కాస్కేడియా అన్నావు, కంపెనీ బండి అన్నావు. కంపెనీ బండికి మనంతట మనం తాళం చేయించకూడదు, షాప్ వాళ్ళని అడుగు, చాలా ఫ్లీట్లు స్పేర్ ఇస్తాయి, కొన్ని పెద్ద ఫ్లీట్లు బండ్లన్నిటికీ ఒకే తాళం పట్టేటట్టు ఆర్డర్ పెట్టుకుంటాయి కూడా (అదొక సౌకర్యం, అదొక భయం, నీ తాళంతో పక్కోడి బండి తెరుచుకుంటదంటే పక్కోడి తాళంతో నీది తెరుచుకుంటది). సొంత బండి అయితే డీలర్ దగ్గరికి పో, తాళం మీద నంబర్ చెక్కి ఉంటే అది ఫోటో తీసి పెట్టుకో, తాళం పోయినా ఆ నంబర్ మీద చేసిస్తారు. చిప్ ఉన్న తాళాలు ఖరీదు, కానీ ఇక్కడ ఒక కిటుకు ఉంది, నీకు కావాల్సింది తలుపు తీసే తాళం, ఇంజన్ స్టార్ట్ చేసే తాళం కాదు. చిప్ లేకుండా ఉత్త ఇనుము కోయించినా తలుపు రంధ్రంలో తిరుగుద్ది. చాలా రకాల తాళాలకి మామూలు తాళాల షాపులోనే కోసిస్తారు, అయిదారు డాలర్ల వ్యవహారం. కోయించిన వెంటనే అక్కడే రెండు తలుపులకీ పెట్టి తిప్పి చూడు, జేబులో పడేసుకుని వెళ్ళిపోకు, కొత్తగా కోసింది పట్టకపోవటం మామూలే.

స్టార్ట్ చెయ్యలేని తాళం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. సరుకు ఎక్కించి దించే డాక్ దగ్గరికి వెళ్తే చాలా గోడౌన్లలో చెకిన్ అప్పుడే నీ తాళాలు తీసుకుంటారు కదా, ఫోర్క్‌లిఫ్ట్ ట్రైలర్ లోపల ఉండగా డ్రైవర్ బండి లాగేస్తే మనుషులు చచ్చిపోతారు, ఆ రూల్ ఊరికే పెట్టలేదు. నువ్వు ఇంజన్ తాళం నిజాయితీగా ఇచ్చేసి, తలుపు తాళం ఉంచుకుంటే వాళ్ళ రూలూ తప్పలేదు, నువ్వూ బయట పడలేదు. నీ రెండో తాళానికి కూడా ఇంజన్ స్టార్ట్ అయ్యేపనైతే మాత్రం ఆ సంగతి వాళ్ళకి చెప్పు, రెండూ ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యి, దాని దగ్గర తెలివితేటలు వద్దు.

ఆ తాళం ఒంటి మీద ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. జేబు పనికిరాదు. ఎందుకంటే నువ్వు పడుకునేటప్పుడు ప్యాంటు మారుస్తావు, షార్ట్ వేస్తావు, అర్ధరాత్రి లేచి దిగేది ఆ షార్ట్ మీదే. చేతిలో పట్టుకోవటం అసలే పనికిరాదు. ట్రైనింగ్‌లో చెప్పుంటారు కదా, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బండి వైపు మొహం పెట్టి రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఎప్పుడూ ఆని ఉండాలని. దాని కోసం చేతులు ఖాళీ చేసుకోవాలి, ఖాళీ చెయ్యటానికి తాళం, ఫోన్, పేపర్లు సీటు మీద పడేస్తాం, దిగుతాం, తలుపు వేస్తాం. చూశావా, ప్రాణం కాపాడుకునే అలవాటే తాళం లోపల వదిలేయిస్తోంది. కొంతమంది మెళ్ళో తాడుకి వేసుకుంటారు, బానే ఉంటది కానీ గ్లాడ్‌హ్యాండ్స్ (ట్రైలర్‌కి గాలి పైపులు కలిపేవి) తగిలించేటప్పుడో, అయిదో చక్రం (ట్రైలర్‌ని ట్రక్కుకి పట్టించే పలక) పిన్ను లాగేటప్పుడో వంగితే అది దేనికో చిక్కుకునే ప్రమాదం ఉంది, మెడకి ఉండే తాడు గట్టిగా లాగితే తెగిపోయే రకం అయితేనే వేసుకో. బెల్టుకి లాగుడు రీల్ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, అదీ ప్యాంటుతో పాటే పోద్ది రాత్రికి.

నేనేం చేస్తానో చెప్తా, నవ్వుకో. మా నాయనమ్మ బీరువా తాళం రొంటిన దోపుకునేది, నిద్రలో కూడా తీసేది కాదు, ఆవిడ పోయేదాకా ఆ బీరువా తాళం ఒక్కసారి కూడా కనపడకుండా పోలేదు. నేను ఆ పద్ధతే పట్టాను, తలుపు తాళం నా మొలతాడుకి కట్టాను. చిన్న రింగు, దానికి ఒకటే తాళం, గుచ్చుకోకుండా పైన రబ్బరు తొడుగు. స్నానానికి కూడా దాంతోనే పోతా. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఒకసారి పక్కకి పిలిచి ఇదేంటి అని అడిగారు, మొలతాడు గురించి ఇంగ్లీషులో చెప్పటానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. కానీ అది కట్టాక ఇప్పటికి ఎనిమిదేళ్ళు, ఒక్కసారి కూడా బయట నిలబడలేదు. నీకు సిగ్గు అనిపిస్తే పర్సులో కార్డుల మధ్య పెట్టుకో, కానీ పర్సు ఒంటి మీద ఉంటేనే అది లెక్క, డ్యాష్‌బోర్డు మీద ఉంటే లెక్క కాదు. పర్సు దగ్గర ఉండటం ఎట్టాగూ మంచిదే, లాక్ తీసేవాడు వచ్చాక ముందు నీ లైసెన్స్ చూపించమంటాడు, అది లోపలే ఉందంటే మళ్ళీ కథ మొదలు.

మూడో తాళం బండి బయట దాచుకోవచ్చా అని అందరూ అడుగుతారు. దాచుకోవచ్చు, కానీ జనం చేసే తప్పులు చూస్తే నవ్వొస్తది. అయస్కాంతం డబ్బా కొనుక్కొస్తారు, డీజిల్ ట్యాంక్‌కి పెట్టబోతే అంటుకోదు, ఎందుకంటే అది అల్యూమినియం. మెట్లు అల్యూమినియం, చాలా బండ్లకి చక్రాలు అల్యూమినియం, హుడ్ ఫైబర్, పక్కన గాలి పలకలు (ఫెయిరింగ్) ప్లాస్టిక్. అంటుకునేది ఫ్రేమ్ పట్టాలకే, అవి స్టీలు. అక్కడ పెట్టినా ఆ అదురుకి, చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పుకి, నెల రెండు నెలల్లో డబ్బా ఎక్కడో పడిపోద్ది, నువ్వు మాత్రం ఉందనే ధైర్యంతో తిరుగుతా ఉంటావు. అయస్కాంతాన్ని నమ్మకుండా కట్టెయ్యి. జిప్‌టై వేస్తారు కొందరు, సరే, బయట ఇరుక్కున్నప్పుడు దాన్ని దేంతో కోస్తావు, కత్తి లోపలుంది కదా! ఒక మెత్తటి ఇనపతీగ తీసుకుని చేత్తో మెలిపెట్టి చేత్తోనే విప్పేటట్టు కట్టు. ఎగ్జాస్ట్‌కి, తిరిగే షాఫ్ట్‌కి దూరంగా ఉండాలి. గ్రీజు గుడ్డలో చుట్టి పెడితే తుప్పు పట్టదు. చాలా బండ్లలో హుడ్ బయట నుంచే తెరుచుకుంటది, తాళం ఉండదు, అందుకని హుడ్ కింద పెడితే నీకూ సులువే దొంగకీ సులువే, అక్కడ పెట్టేపనైతే కనపడని మూల చూడు. ఇంకోటి, కంపెనీలో బండి మారినప్పుడు ఆ తాళం తీసుకోవటం మర్చిపోతారు, పాత బండిలో దాచినవి రెండు నావి ఏదో రాష్ట్రంలో ఇప్పటికీ తిరుగుతా ఉండొచ్చు.

అసలు లాక్ వెయ్యకుండా వదిలేస్తే పోలా అంటావేమో. ఎవరూ లేని చోట, నీ బండి చుట్టూనే తిరుగుతున్నప్పుడు, అదే నేను కూడా చేస్తా, టాండమ్ (ట్రైలర్ వెనక ఇరుసుల జత) జరపటానికి పదిసార్లు ఎక్కి దిగేటప్పుడు డ్రైవర్ వైపు అద్దం పూర్తిగా దించేస్తా, ఇక తలుపు ఏం చేసుకున్నా నాకు అనవసరం. వెయిట్ చూసుకుని వెనక ఇరుసుల మీద బరువు 34,000 పౌండ్ల హద్దు దాటిందని తెలిసి చిరాకులో ఉంటాం చూడు, అప్పుడే ఈ తప్పులు జరిగేది. పార్కింగ్ బ్రేక్ బటన్లు రెండూ లాగి గాలి బుస్సుమని వదిలిన శబ్దం విన్నాకే దిగు, అది వేరే చెప్పక్కర్లేదు, కానీ చిరాకులో అదీ మర్చిపోయినవాళ్ళు ఉన్నారు. ట్రక్‌స్టాప్‌లో, పంపు దగ్గర మాత్రం తెరిచి వదలొద్దు. డీజిల్ పంపు దగ్గర నువ్వు రెండు వైపులా రెండు ట్యాంకులు నింపాలి, ఆ వైపుకి వెళ్ళినప్పుడు ఈ వైపు ఎవడు ఎక్కాడో నీకు కనపడదు, ఇంజన్ తాళం లోపలుంటే బండితో సహా పోద్ది. అక్కడ ఇంజన్ ఆపెయ్, తాళం తీసుకో, బయట నుంచి తాళంతోనే లాక్ చెయ్యి. నా సూత్రం ఒక్కటే, దిగేటప్పుడు లోపలి బటన్ నొక్కి లాక్ వెయ్యటం అనేది జన్మలో చెయ్యకూడదు. బయట నిలబడి, తాళం పెట్టి తిప్పి లాక్ వెయ్యాలి. తాళం చేతిలో లేకపోతే లాక్ వెయ్యటం కుదరదు కాబట్టి లోపల మర్చిపోవటమూ కుదరదు.

చలి సంగతి విడిగా చెప్పాలి. నాకు మొదటిసారి అయ్యింది వయోమింగ్‌లో, ఐ-80 మీద లారమీకి, రాలిన్స్‌కి మధ్య ఎల్క్ మౌంటెన్ వైపు, జనవరి నెల. హెడ్‌లైట్లకి మంచు పట్టి వెలుతురు రావట్లేదని ఒక పార్కింగ్‌లో ఆగా, గీకేసి ఎక్కుదాం అని స్వెటర్ మీద దిగా. అక్కడ గాలి తెలుసు కదా, ఖాళీ ట్రైలర్లని పడేసే గాలి, ఆ గాలి తలుపుని నా చేతిలోంచి లాక్కుని కొట్టేసింది, అంతకుముందు రాత్రి వేసిన లాక్ అట్టాగే ఉంది. పక్కన ఒక ఫ్లాట్‌బెడ్ ఆయన తన బండిలో కూర్చోబెట్టుకోకపోతే నాకు వేళ్ళు మిగిలేవి కాదు. అప్పటి నుంచి రెండు నిమిషాల పని అనే మాట నా దగ్గర లేదు, చలికాలం దిగితే జాకెట్, టోపీ, గ్లౌజులు, బూట్లు వేసుకునే దిగాలి, గంటసేపు బయట ఉండాల్సి వచ్చినా బతికేటట్టు. ఫోన్ జాకెట్ లోపలి జేబులో, బయటి జేబులో పెడితే చలికి బ్యాటరీ చచ్చిపోద్ది. చలికి లాక్ రంధ్రం గడ్డకట్టడం కూడా ఉంటది, తాళం ఉండీ ఉపయోగం ఉండదు, మంచు కరిగించే చిన్న స్ప్రే సీసా జాకెట్లో పెట్టుకో, అది బండి లోపల పెట్టుకునేవాళ్ళని చాలామందిని చూశా. వేడినీళ్ళు మటుకు పొయ్యొద్దు, కాసేపటికి అవే గడ్డకట్టి రెండింతలు అవుద్ది.

రెండోసారి నాకు టీమ్‌లో తోలేటప్పుడు అయ్యింది. నా పార్ట్‌నర్ పంజాబీ పాజీ, చెవుల్లో దూది పెట్టుకుని క్యాబిన్ వెనక స్లీపర్‌లో, బంక్ (పడక) మీద నిద్ర. అమరిల్లోలో రాత్రి రెండింటికి నేను దిగి కాఫీ తెచ్చుకునేసరికి తలుపు లాక్. స్లీపర్ గోడ మీద గుద్దా, గుద్దా, లోపల కదలిక తెలుస్తోంది కానీ తియ్యడు. పావుగంట తర్వాత నా గొంతు గుర్తుపట్టి తీశాడు, దొంగలు అనుకున్నాడంట, చేతిలో టైర్లు కొట్టే కర్ర కూడా ఉంది. తప్పు ఆయనది కాదు, రాత్రిపూట ఎవడు కొట్టినా తియ్యకూడదు. ఆ మర్నాడు మూడు, ఆగి రెండు అని ఒక దరువు ఒప్పందం చేసుకున్నాం. టీమ్‌లో దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ఘోరం, నిద్రలో ఉన్నవాడు లేచి దిగి బాత్రూమ్‌కి పోతే, తోలేవాడు వెనక ఉన్నాడనుకుని బండి తీసుకుని పోవటం. దిగేవాడు స్టీరింగ్‌కి తన టోపీ తగిలించి దిగాలి అని పెట్టుకున్నాం, టోపీ ఉంటే బండి కదలదు. టీమ్ అంటే ఇద్దరికీ చెరో తలుపు తాళం ఉండాల్సిందే, ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకునేది కాదు.

కుక్కని పెంచుకుంటున్నావా? ఉంటే ఇది చదువు, లేకపోతే వదిలెయ్. ఒకసారి నా పక్క బండి ఆయన కిందనే నిలబడి కిటికీ వైపు చూస్తా కుక్కని బతిమాలుతున్నాడు. అది ఆయన్ని చూడాలని కిటికీకి ఎగిరి ముందుకాళ్ళు తలుపు మీద చెయ్యి పెట్టుకునే చోట ఆనించింది, లాక్ స్విచ్ ఉండేది సరిగ్గా అక్కడే. దాంతోనే మళ్ళీ నొక్కించాలని ఇరవై నిమిషాలు బిస్కెట్ ప్యాకెట్ ఆడించాడు, చివరికి నొక్కింది కూడా, కానీ ఆయన ఆ ఆనందంలో హ్యాండిల్ లాగేలోపు మళ్ళీ తొక్కింది.

ఇంత చేసినా ఎప్పుడన్నా బయట పడ్డావనుకో. ముందు కంగారు తగ్గించుకుని బండి చుట్టూ తిరుగు. ప్యాసింజర్ తలుపు లాగి చూడు, సగం మంది ఇది చూడకుండానే ఫోన్ చేస్తారు. తర్వాత స్లీపర్ పక్కన సామాన్లు పెట్టే పెట్టె తలుపులు చూడు. చాలా స్లీపర్ బండ్లలో ఆ పెట్టె బంక్ కిందకే ఉంటది, అది తెరిచి ఉంటే లోపలికి దూరి పైన బంక్‌ని వీపుతో ఎత్తితే క్యాబిన్‌లోకి వచ్చేస్తావు. కొన్నిట్లో దాని లివర్ డ్రైవర్ తలుపు సందులో ఉంటది, కొన్నిట్లో తాళం రంధ్రం ఉంటది, మధ్యలో అడ్డుపలక ఉన్నవీ ఉన్నాయి. నీ బండి ఏ రకమో ఇవాళే చూసుకో, చీకట్లో వణుకుతా నేర్చుకునే పాఠం కాదు అది. నా పొట్టకి ఇప్పుడు అది పట్టదు, నువ్వు కుర్రాడివి.

ఫోన్ లోపల ఉండిపోతే ఎవరి నంబర్లూ నోటికి రావు కదా. నీ బండి తలుపు మీదే చూడు, కంపెనీ పేరు, యూఎస్ డాట్ (రవాణా శాఖ) నంబర్ రెండు వైపులా రాయాలని చట్టం, చాలా కంపెనీలు ఫోన్ నంబర్ కూడా రాస్తాయి. ఎవరిదన్నా ఫోన్ అడిగి ఆ నంబర్‌కి కొట్టు, ట్రక్ నంబర్ చెప్పు, బ్రేక్‌డౌన్ డిపార్ట్‌మెంట్‌కి కలపమను. కంపెనీకి అలవాటైన లాక్ తీసేవాళ్ళు ఉంటారు, బిల్లు సంగతి కంపెనీనే అడుగు. నువ్వే లాక్ తీసేవాణ్ణి పిలవాల్సి వస్తే ట్రక్‌స్టాప్ కౌంటర్‌లో అడుగు, దగ్గర్లో ఎవరు మంచిగా చేస్తారో వాళ్ళకి తెలుసు. సెర్చ్‌లో పైన కనపడే చవక ప్రకటనలు నమ్మొద్దు, ఫోన్‌లో ఇరవై డాలర్లని చెప్పి వచ్చాక రెండు వందలు అడిగే బాపతు ఉన్నారు. కారు కాదు సెమీ ట్రక్ అని, ఏ కంపెనీ ఏ మోడల్ అని ముందే చెప్పు, లేకపోతే నిచ్చెన లేకుండా, పొడుగు కడ్డీ లేకుండా వచ్చి చేతులు నలుపుకుంటా నిలబడతాడు. రావటానికి ఎంత, తియ్యటానికి ఎంత, మొత్తం కలిపి ఎంత అని అడిగాకే రమ్మను. వాళ్ళు చేసేది పెద్ద విద్యేం కాదు, తలుపు పై సందులో గాలి సంచి దూర్చి ఊది కాస్త ఎడం చేసి, కడ్డీ పెట్టి బటన్ నొక్కుతారు. నువ్వు హ్యాంగర్ తీగ పెట్టి, స్క్రూడ్రైవర్ పెట్టి కెలికావంటే తలుపు రబ్బరు చినిగి, ఆ తర్వాత ఏడాది పొడుగునా గంటకి 65 మైళ్ళ దగ్గర చెవిలో ఈల వింటా తోలాలి.

అద్దం పగలగొట్టాలా అంటే, లోపల పసిపిల్లలు ఉంటేనో, చలికి ఒళ్ళు తిమ్మిరెక్కి దగ్గర్లో దూరడానికి గది కూడా లేకపోతేనో తప్ప వద్దు. అంత అవసరం వస్తే ముందు 911కి కొట్టు. పగలగొట్టాల్సి వస్తే ప్యాసింజర్ వైపు అద్దం పగలగొట్టు, డ్రైవర్ వైపుది కాదు, ఆ గాలి మొహాన కొడతా ఉంటే నువ్వు షాపుదాకా కూడా తోలలేవు.

నీ గంటల సంగతి. డ్యూటీ మధ్యలో తోలుతూ బండి ఆగి ఐదు నిమిషాలు దాటితే ఈఎల్‌డీ (నీ గంటలు రికార్డ్ చేసే యంత్రం) నిన్ను అడుగుద్ది, జవాబు చెప్పటానికి నువ్వు లోపల లేవు కాబట్టి నిమిషం తర్వాత దానంతట అదే ఆన్ డ్యూటీలో వేస్తది. నీ 14 గంటల గడియారం (డ్యూటీ మొదలయ్యాక ఆ లోపలే తోలుకోవాలి) ఎట్టాగూ నడుస్తానే ఉంటది, గంటా నలభై నిమిషాలు నిలబడితే అది పోయినట్టే. కాకపోతే నువ్వు పని నుంచి పూర్తిగా ఖాళీగా ఉన్న టైముని ఆఫ్ డ్యూటీగా మార్చి పక్కన నోట్ రాసుకోవచ్చు, ఎనిమిది రోజులకి 70 గంటల లెక్కలో అది మిగులుద్ది, 30 నిమిషాల బ్రేక్ కిందకి ఎట్టాగూ వస్తది. డ్రైవింగ్ అని దానంతట అదే రికార్డయిన టైముని మాత్రం తగ్గించటానికి కుదరదు, ప్రయత్నం కూడా చెయ్యకు. రీఫర్ (చల్లగా ఉంచే ట్రైలర్) లోడ్ అయితే భయపడొద్దు, ట్రైలర్ మీద యూనిట్‌కి దాని ఇంజన్ దానికి ఉంది, దాని మీటర్ బయటే ఉంటది, నడిచెళ్ళి టెంపరేచర్ చూసుకో.

ఇక కంపెనీకి చెప్పాలా అన్నావు. చెప్పు. డెలివరీ లేటయితే వాళ్ళు జీపీఎస్‌లో ఎట్టాగూ చూస్తారు, బండి కదలకుండా ఇంజన్ నడిచిందని కూడా వాళ్ళకి కనపడుద్ది, నువ్వు కథ చెప్తే ఆ కథకి ఇంకో కథ కావాలి. లోడ్లు అప్పజెప్పే డిస్పాచర్‌కి మెసేజ్ పెట్టు, లాక్ అయ్యి ఇంత టైము పోయింది, ఇప్పుడు బయల్దేరా, ఈ టైముకి చేరతా, స్పేర్ తాళం కావాలి, టెర్మినల్‌కి (కంపెనీ యార్డుకి) ఎప్పుడు రమ్మంటారు అని. నా మొదటి కంపెనీలో డిస్పాచర్ దీనికి నవ్వి, షాప్ వాళ్ళకి ఫోన్ చేసి నాకు రెండు తాళాలు పెట్టించాడు, ఒకటి బండికి, ఒకటి నువ్వు పోగొట్టుకోటానికి అన్నాడు. ఆ టెర్మినల్‌కి వెళ్ళేలోపు దార్లో ఎక్కడ దిగినా డ్రైవర్ అద్దం దించి దిగు, జాకెట్ వేసుకుని దిగు, ఇంజన్ ఆపటానికి వీలున్న ప్రతిచోటా తాళం పీకి నోట్లో పెట్టుకునైనా సరే దిగు.